బిల్డర్ మాట తప్పుతున్నప్పుడు ఇంటి నిర్మాణాన్ని గట్టెక్కించుకోవడం ఎలా?

సొంత స్థలంలో ఇల్లు కట్టించుకునేవారికి బిల్డర్‌తో చిక్కులు ఒక్కరోజులో రావు. మొదట సైటులో మనుషులు తగ్గుతారు. పది మంది పనిచేయవలసిన చోట ముగ్గురు కనిపిస్తారు, ఆ ముగ్గురూ మధ్యాహ్నానికే వెళ్లిపోతారు. సెంట్రింగ్ సామాను, అంటే కాంక్రీటు గట్టిపడేదాకా దాన్ని మోసే పలకలు, ఆధారాలు, వేరే సైటుకు తరలిపోతుంది. చేతిలో ఉన్న దశ పూర్తికాకుండానే తరువాతి దశ డబ్బు కోసం ఒత్తిడి మొదలవుతుంది. ఇనుము, సిమెంటు సరఫరా చేసిన వ్యాపారి తన బాకీ గురించి బిల్డర్‌ను అడగడం మాని మీకు ఫోను చేస్తాడు. ఆలస్యం ఎందుకని అడిగిన ప్రతిసారీ కొత్త కారణం వినిపిస్తుంది. వీటిలో ఒక్కటి కనిపించినంత మాత్రాన అనుమానించనక్కరలేదు, ఎందుకంటే ఏ నిర్మాణంలోనైనా కొన్ని వారాలు పని మందగించడం సహజమే. కానీ రెండు మూడు లక్షణాలు ఒకేసారి కనిపించినప్పుడు "చూద్దాంలే" అని ఊరుకుంటే, ఆ తరువాతి ప్రతి వారమూ మీ చేతిలోని పట్టును సడలిస్తుంది. అప్పుడు ఏం చేయాలో, ఏ వరుసలో చేయాలో ఈ కింద వివరిస్తున్నాను.

మొదటి మెట్టు: ఇబ్బంది ఏ రకానిదో తేల్చుకోవడం

నమ్మదగని బిల్డర్లందరూ ఒకే రకం కాదు. తన శక్తికి మించి పనులు ఒప్పుకుని, ఉన్న కూలీలను నాలుగు సైట్ల మధ్య తిప్పుతూ నెట్టుకొచ్చేవాడు ఒకడు. పనితనం ఉన్నా చేతిలో డబ్బు లేక, మీరిచ్చిన అడ్వాన్సుతో పాత బాకీలు తీర్చేవాడు మరొకడు. డబ్బుకు ఇబ్బంది లేకపోయినా పని తెలియనివాడు ఇంకొకడు. ఇక మొదటినుంచీ తక్కువ సరుకు వేసి ఎక్కువ బిల్లు చేయాలన్న ఉద్దేశంతోనే వచ్చినవాడు నాలుగో రకం.

ఎవరితో ఎలా వ్యవహరించాలన్నది ఈ తేడాను బట్టే ఉంటుంది. మొదటి రకంతో గట్టి గడువులు పెట్టి, వారంవారం పర్యవేక్షిస్తే పని పూర్తి చేయించుకోవచ్చు. రెండో రకంతో డబ్బు దారిని మార్చాలి, అంటే సామగ్రికి మీరే నేరుగా చెల్లించాలి. మూడో రకం ఉన్నచోట ఇంజనీరు లేకుండా ఒక్క అడుగు కూడా ముందుకు వేయకూడదు. నాలుగో రకం అని ఆధారాలతో తేలితే బాగుచేసే ప్రయత్నం మాని, తక్కువ నష్టంతో బయటపడే దారి వెతకాలి. చాలామంది యజమానులు ఈ నాలుగింటినీ ఒకే గాటన కట్టి, డబ్బు లేక ఆగిపోయినవాడితో గొడవకు దిగుతారు, మోసం చేసేవాడికి మాత్రం మరో అవకాశం ఇస్తారు.

ఇక్కడే ఒక అసౌకర్యమైన ప్రశ్న కూడా వేసుకోవాలి: ఆలస్యంలో మీ వాటా ఎంత? గోడ లేచాక కిటికీ స్థానం మార్చమన్నారా, టైల్స్ ఎంపికకు నెల తీసుకున్నారా, పూర్తయిన దశకు సొమ్ము ఇవ్వడంలో జాప్యం చేశారా, బిల్డర్‌కు తెలియకుండా మేస్త్రీకి నేరుగా ఆదేశాలు ఇచ్చారా అని నిజాయితీగా చూసుకోండి. ముఖ్యంగా ఈ చివరిది చాలా ఇళ్లలో జరుగుతుంది. యజమాని నోటిమాటగా చెప్పిన ప్రతి మార్పూ తరువాత బిల్డర్ చేతిలో "మీరే చెప్పారుగా" అనే సమాధానంగా మారుతుంది. మీ వల్ల పోయిన రోజులను ముందే లెక్కగట్టి పెట్టుకుంటే, మిగిలిన ఆలస్యం గురించి గట్టిగా మాట్లాడడానికి వీలవుతుంది.

రెండో మెట్టు: పని ఎంత, డబ్బు ఎంత అని లెక్క తీయడం

బిల్డర్‌తో తాడోపేడో తేల్చుకునే మాటలకు ముందే ఈ లెక్క మీ చేతిలో ఉండాలి. ఒప్పంద మొత్తాన్ని 100 భాగాలు అనుకుందాం. మీరు ఇప్పటివరకు 55 భాగాలు చెల్లించారు, జరిగిన పని విలువ 35 భాగాలే ఉంది. మిగిలిన 65 భాగాల పనికి మీ దగ్గర 45 భాగాల డబ్బే ఉన్నట్టు. అంతటితో ఆగదు. సగంలో ఆగిన పనిని చేపట్టే కొత్త కాంట్రాక్టర్ సాధారణంగా ఎక్కువే అడుగుతాడు, ఎందుకంటే పాత పనిలోని లోపాలు సరిచేయాలి, మళ్లీ సెంట్రింగ్ తెచ్చుకోవాలి, తెలియని ప్రమాదాన్ని తలకెత్తుకోవాలి. ఆ 65 భాగాల పనికి అతడు 75 అడిగితే మీకు 30 భాగాల లోటు పడుతుంది. ఈ 30 అనే అంకె తెలిస్తేనే బిల్డర్‌ను తప్పించాలా, సర్దుబాటు చేసుకోవాలా అన్న నిర్ణయానికి ఒక ఆధారం దొరుకుతుంది.

పని విలువను మీరు కంటితో అంచనా వేయకండి. పిల్లర్లు లేచి, స్లాబు పడిన ఇల్లు చూడడానికి సగానికి పైగా అయిపోయినట్టే కనిపిస్తుంది. కానీ ప్లాస్టరింగ్, ఫ్లోరింగ్, తలుపులు కిటికీలు, ప్లంబింగ్, కరెంటు పని, రంగులు అన్నీ కలిపితే మిగిలిన ఖర్చు చాలా పెద్దది. బిల్డర్‌తో గాని, అతడి బంధుమిత్రులతో గాని సంబంధం లేని సివిల్ ఇంజనీరును నియమించుకుని, జరిగిన ప్రతి పనినీ కొలిపించి, విలువ కట్టించండి. వీలైతే ఆ కొలతలు బిల్డర్ సమక్షంలోనే తీయించి, కొలతల పుస్తకంలో ఇద్దరి సంతకాలు పెట్టించండి. అతడు రానంటే, ఫలానా తేదీన ఫలానా సమయానికి కొలతలు తీస్తున్నామని ముందుగా రాసి పంపి, సాక్షుల ఎదుట పని పూర్తిచేయండి. ఇంజనీరుకు ఇచ్చే రుసుము దండగనుకునేవారు ఉన్నారు. మొత్తం ఖర్చుతో పోలిస్తే అది చాలా చిన్నది, పైగా తరువాత ఎక్కడ వాదించవలసి వచ్చినా ఆ నివేదికే మీ తొలి సాక్ష్యం.

ఈ లెక్కతో పాటు మీరు ఇచ్చిన ప్రతి చెల్లింపునూ తేదీ, మొత్తం, ఏ పనికి, ఏ రూపంలో, రసీదు ఉందా లేదా అన్న వివరాలతో ఒక పట్టికగా రాసుకోండి. నగదుగా ఇచ్చి రసీదు తీసుకోనివి ఉంటే, ఇప్పుడే ఒక సందేశం పంపి, ఫలానా తేదీన ఇంత ఇచ్చాను, లెక్కలో కలుపుకోండి అని అడగండి. సంబంధాలు పూర్తిగా చెడకముందు వచ్చే "సరే" అన్న చిన్న జవాబు తరువాత ఎంతో విలువ చేస్తుంది.

మూడో మెట్టు: ఒప్పందాన్ని తిరిగి చదవడం, లేకపోతే ఇప్పుడు రాసుకోవడం

సంతకం పెట్టిన రోజు తరువాత ఒప్పందాన్ని మళ్లీ తెరవని యజమానులే ఎక్కువ. ఇప్పుడు పెన్సిలు పట్టుకుని చదవండి. పూర్తిచేయవలసిన గడువు ఏది, గడువు పొడిగింపుకు ఏ కారణాలు ఒప్పుకున్నారు, ఆలస్యానికి నష్టపరిహారం ఎంత, ఏ దశకు ఎంత చెల్లించాలి, సామగ్రి వివరాలు ఏమని రాశారు, అదనపు పనులకు ధర ఎలా నిర్ణయించాలి, ఒప్పందం రద్దుకు ఎన్ని రోజుల నోటీసు ఇవ్వాలి, వివాదం వస్తే ఎవరి ముందు తేల్చుకోవాలి అన్న చోట్ల గీతలు గీసుకోండి. రద్దు నిబంధనలో చెప్పిన పద్ధతిని అక్షరాలా పాటించకుండా బిల్డర్‌ను సైటు నుంచి పంపేస్తే, తప్పు అతడిదే అయినా ఒప్పందం ఉల్లంఘించినవారు మీరే అయ్యే ప్రమాదముంది.

ఒప్పందం ఒకే పేజీలో, చదరపు అడుగుకు ఇంత అని రాసి ఉంటే, లేదా అసలే లేకపోతే, మధ్యలో కూడా ఒక అనుబంధ ఒప్పందం రాసుకోవచ్చు. బిల్డర్‌కు డబ్బు అవసరమున్న సమయమే దానికి అనువైనది. తరువాతి చెల్లింపు ఇవ్వడానికి ముందు, ఇప్పటివరకు జరిగిన పని, ఇప్పటివరకు ముట్టిన సొమ్ము, మిగిలిన పనుల జాబితా, ఒక్కొక్క పనికి గడువు, దానికి చెల్లించే మొత్తం రాసి ఇద్దరూ సంతకాలు చేయండి. అందులో "మంచి రకం సామగ్రి" వంటి మాటలు పెట్టకండి, ఆ మాటకు ఎవరి అర్థం వారిది. ఊచల వ్యాసం, సిమెంటు రకం, టైల్ కొలత, తీగల మందం, పైపుల రకం వంటివి విడివిడిగా పేర్కొనండి.

అదనపు పనుల విషయంలో ఒకే నియమం సరిపోతుంది: రాతపూర్వకంగా ధర ఒప్పుకోకుండా ఏ మార్పూ మొదలుకాకూడదు. చివరి బిల్లు దగ్గర వచ్చే గొడవల్లో ఎక్కువ భాగం ఇక్కడినుంచే పుడతాయి.

నాలుగో మెట్టు: డబ్బు పనికన్నా వెనుక నడిచేలా చెల్లింపులను మార్చడం

ఇందులో అసలు కీలకం ఇదే. ఎంత మంచి ఒప్పందం ఉన్నా, ఎన్ని నోటీసులు పంపినా, బిల్డర్‌ను సైటుకు రప్పించేది తనకు ఇంకా రావలసిన సొమ్మే. అది జరగవలసిన పని విలువకన్నా తక్కువైతే, మిగిలిన పని చేయడం అతడికి నష్టమవుతుంది, ఆ క్షణం నుంచి అతడు సైటుకు రాకపోవడానికి లెక్కప్రకారమే కారణం ఉంటుంది. కాబట్టి దశలను చిన్నవిగా విడగొట్టండి. పునాది, ప్లింత్ (నేల మట్టం నుంచి గచ్చు మట్టం వరకు ఉండే భాగం), పిల్లర్లు, స్లాబు, గోడలు అని పెద్ద దశలు పెట్టుకోవడం కన్నా, స్లాబు సెంట్రింగ్ పూర్తయి ఇనుము కట్టాక కొంత, కాంక్రీటు పోశాక కొంత, క్యూరింగ్ (కాంక్రీటును కొన్ని రోజులు తడిగా ఉంచడం) ముగిసి సెంట్రింగ్ కింది ఆధారాలు తీశాక మిగిలినది అని విభజిస్తే, ఏ సమయంలోనూ ఎక్కువ డబ్బు ముందుగా పోదు. దశ పూర్తయిందనడానికి బిల్డర్ మాట చాలదు, ఇంజనీరు చూసి ధ్రువీకరించాలి.

ప్రతి బిల్లు నుంచి 5 నుంచి 10 శాతం వరకు రిటెన్షన్ సొమ్ముగా ఆపి ఉంచడం నిర్మాణ రంగంలో అంతటా ఉన్న పద్ధతి. ఒప్పందంలో ఇది లేకపోతే అనుబంధ ఒప్పందంలో చేర్చండి. మీకు ఇష్టం వచ్చినట్టు ఆపేయకండి, ఒప్పుకున్న సొమ్మును అకారణంగా ఆపడం కూడా ఉల్లంఘనే. ఒప్పందానికి లోబడి, ఏ లోపం కోసం ఎంత ఆపుతున్నారో రాసి ఆపితే దాన్ని సమర్థించుకోవచ్చు.

బిల్డర్ అప్పుల్లో ఉన్నాడని తెలిస్తే సిమెంటు, ఇనుము, టైల్స్ వంటి పెద్ద సామగ్రిని మీ పేరుతో కొని, ఆ మొత్తాన్ని అతడి బిల్లు నుంచి తగ్గించుకునేలా ముందే రాతపూర్వకంగా ఒప్పుకోండి. ఇలా చేస్తే సరుకు మీ ఆస్తి అవుతుంది, బాకీదారులు వచ్చి ఎత్తుకుపోతామనడానికి ఆస్కారం తగ్గుతుంది. కూలీలు తమకు డబ్బు అందలేదని మీ దగ్గరకు వచ్చినప్పుడు జాలితో వెంటనే ఇచ్చేయకండి, మొండిచెయ్యి కూడా చూపకండి. బిల్డర్ నుంచి రాతపూర్వక సమ్మతి తీసుకుని, పేరు పేరునా సంతకాలతో ఇచ్చి, అతడి ఖాతాలో రాయండి. కూలీల వేతనాలకు యజమానిని కూడా బాధ్యుణ్ణి చేసే చట్టాలు కొన్నిచోట్ల ఉన్నాయి గనుక, పెద్ద మొత్తమైతే న్యాయవాదిని అడిగి చేయడం మేలు.

ఐదో మెట్టు: కప్పబడిపోయే పనిని కప్పబడిపోకముందే చూడడం

రంగు బాగా లేకపోతే మళ్లీ వేయించుకోవచ్చు. స్లాబులో ఊచ తక్కువైతే మళ్లీ పెట్టలేరు. అందుకే మీ దృష్టిని, ఇంజనీరు సమయాన్ని ఎక్కువగా కాంక్రీటు పోయడానికి ముందు రోజు, ప్లాస్టరింగ్‌కు ముందు రోజు, టైల్స్ పరచడానికి ముందు రోజు వెచ్చించండి. ఇంజనీరు చూసి సంతకం పెట్టనిదే కాంక్రీటు పోయరాదని బిల్డర్‌కు రాసి ఇవ్వండి, ఒక రోజు ముందుగా కబురు చేయాలని అందులోనే చెప్పండి.

ఇనుము విషయంలో యజమాని స్వయంగా చేయగలిగిన పరీక్ష ఒకటి ఉంది. ఊచ వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలు ఉండాలో వస్తుంది. 8 మి.మీ. ఊచ మీటరుకు సుమారు 0.395 కిలోలు, 12 మి.మీ. ఊచ సుమారు 0.89 కిలోలు తూగాలి. ఒక మీటరు ముక్కలు కొన్ని తూకం వేస్తే, అనుమతించిన చిన్న తేడాను మించి బరువు తగ్గిందా అన్నది తెలిసిపోతుంది. తరువాత డ్రాయింగు చేతిలో పట్టుకుని ఊచల సంఖ్య, వాటి మధ్య దూరం, రింగుల దూరం, అతుకుల పొడవు చూడండి. ఊచలు సెంట్రింగ్ చెక్కను తాకకుండా కింద కవర్ బ్లాకులు (ఊచలను ఎత్తి ఉంచే చిన్న దిమ్మలు) పెట్టారా లేదా అన్నది తప్పనిసరిగా చూడవలసినది, ఎందుకంటే కాంక్రీటు కప్పు చాలని చోట తేమ చేరి ఇనుము తుప్పు పడుతుంది, ఆ తుప్పు ఇనుముకన్నా రెండింతలకు పైగా చోటు ఆక్రమించి కాంక్రీటును పెచ్చులుగా ఊడదీస్తుంది.

బాల్కనీలు, ఒక వైపే ఆధారం ఉన్న సజ్జాల దగ్గర మరింత జాగ్రత్త అవసరం. అక్కడ ముఖ్యమైన ఊచలు పైభాగంలో ఉండాలి. కాంక్రీటు పోసే రోజు కూలీలు వాటి మీద నడిచి కిందికి తొక్కేస్తే, చూడడానికి అంతా బాగానే ఉన్నా, ఆ బాల్కనీ మోయవలసిన బరువును మోయలేదు. ఊచల్ని పైన నిలబెట్టే ఇనుప ఆధారాలు (వీటినే కుర్చీలంటారు) కట్టారా అని చూడండి, నడవడానికి విడిగా పలకలు వేయించండి.

కాంక్రీటు పోసే రోజు సిమెంటు బస్తాలు లెక్కపెట్టే యజమానులు చాలామందే ఉంటారు గాని, నీళ్లు లెక్కపెట్టేవారు అరుదు. నిజానికి చెడు ఎక్కువగా నీళ్ల దగ్గరే జరుగుతుంది. సిమెంటుకు నీటి నిష్పత్తి పెరిగేకొద్దీ కాంక్రీటు బలం తగ్గుతుందని డఫ్ అబ్రమ్స్ 1918లోనే నిరూపించాడు. 0.5 నిష్పత్తి కావాలంటే 50 కిలోల బస్తాకు, తడి ఇసుకలో ఉన్న నీటితో కలిపి, 25 లీటర్ల నీరే పడాలి. సులువుగా జారుతుందని కూలీలు మరో 10 లీటర్ల బకెట్టు కుమ్మరిస్తే నిష్పత్తి 0.7కు చేరి, బలంలో మూడో వంతు లేదా అంతకన్నా ఎక్కువ పోవచ్చు. కొలత డబ్బా పెట్టించి, మిక్సర్ దగ్గర ఒకరిని నిలబెట్టండి. ప్లాంటులోనే కలిపి తెచ్చే రెడీమిక్స్ కాంక్రీటు వాహనం వస్తే, సైటులో నీళ్లు కలపనివ్వకండి, మిశ్రమం మరీ గట్టిగా ఉంటే దానికి వేసే రసాయనాన్ని సరఫరాదారు సాంకేతిక సిబ్బందే కలపాలి.

అదే రోజు అదే కాంక్రీటుతో ప్రతి వైపూ 150 మి.మీ. కొలత గల దిమ్మలు పోయించి, కొన్నింటిని 7 రోజులకు, కొన్నింటిని 28 రోజులకు ప్రయోగశాలలో పరీక్ష చేయించండి. సాధారణ సిమెంటుతో 7 రోజులకు 28 రోజుల బలంలో దాదాపు మూడింట రెండు వంతులు వస్తుంది. 7 రోజుల ఫలితం బాగా తక్కువగా ఉంటే 28 రోజుల వరకు చూడకుండా ఇంజనీరుతో మాట్లాడండి, ఈలోగా పై అంతస్తు పని మొదలుపెట్టనివ్వకండి. దిమ్మలను బిల్డర్ మనిషి ఒక్కడే తీసుకెళ్లకుండా, వాటి మీద తేదీ, మీ సంతకం గీయించి, మీ తరఫువారు వెంట వెళ్లాలి. మంచి కాంక్రీటుతో విడిగా పోసిన దిమ్మలను పరీక్షకు పంపడం ఈ రంగంలో తెలియని విద్యేమీ కాదు.

ఆ తరువాత క్యూరింగ్. కనీసం 7 రోజులు, వేడి ఎక్కువగా ఉన్నా ఫ్లైయాష్ (బొగ్గు బూడిద) వంటివి కలిసిన సిమెంటు వాడినా 10 రోజులు లేదా అంతకుమించి, కాంక్రీటు ఆరకుండా తడిగా ఉండాలి. స్లాబు మీద గట్లు కట్టి నీళ్లు నిలుపుతారు గాని పిల్లర్లను మరచిపోతారు, వాటికి గోనెపట్టాలు చుట్టించి తడపాలి. మాట తప్పే బిల్డర్ మనుషులను తగ్గించగానే ముందుగా ఆగిపోయే పని ఇదే కాబట్టి, వేరొకరిని మీరే పెట్టుకోవడానికి వెనుకాడకండి. సెంట్రింగ్ కింది ఆధారాలను ఇంజనీరు తేదీ చెప్పకుండా తీయనివ్వకండి. సామాను వేరే సైటుకు కావాలన్న తొందరలో వాటిని ముందే ఊడదీస్తే స్లాబు కిందికి వంగే ప్రమాదముంది, పెద్ద బీముల కింద అవి రెండు మూడు వారాలు ఉండవలసి రావచ్చు. ఊడదీశాక కంకర బయటపడి గుల్లగా కనిపించే చోట్లను మేస్త్రీ వెంటనే సిమెంటు పూసి కప్పేయకముందే ఫొటోలు తీసి, ఇంజనీరుకు చూపండి.

మిగిలినవి త్వరగా చెప్పుకోవచ్చు. పైపులను ప్లాస్టరింగ్‌కు ముందే, సాధారణంగా పనిచేసే ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు ఒత్తిడితో పరీక్షించాలి. స్నానాల గదుల్లో వాటర్‌ప్రూఫింగ్ చేశాక, టైల్స్‌కు ముందు, 24 నుంచి 48 గంటలు నీళ్లు నిలిపి కింది అంతస్తులో చెమ్మ కోసం చూడాలి. గోడల్లో పోయే కరెంటు గొట్టాలను, నీటి పైపులను టేపు పక్కన పెట్టి ఫొటోలు తీసుకుంటే, తరువాత ఎక్కడ మేకు కొట్టవచ్చో కూడా తెలుస్తుంది.

ఆరో మెట్టు: మాటను కాగితం మీదికి తేవడం

వారానికొకసారి సైటులోనే బిల్డర్‌తో కూర్చుని మాట్లాడండి, ఆ సాయంత్రమే ఏం అనుకున్నారో క్లుప్తంగా రాసి అతడికి పంపండి. ఫోనులో ఇచ్చిన హామీని కూడా ఇలాగే రాతలోకి తేవాలి. ప్రతిరోజూ ఒకే చోటినుంచి తీసిన ఫొటోలు, ఆ రోజు వచ్చిన మనుషుల సంఖ్య, జరిగిన పని, వాన వల్ల పోయిన గంటలు ఒక డైరీలో నమోదు చేయించండి. కోపంతో రాసిన సందేశాలు పంపకండి. బెదిరింపులు, తిట్లు ఉన్న సందేశాన్ని తరువాత చదివేది మధ్యవర్తి కావచ్చు, న్యాయమూర్తి కావచ్చు.

ఇవి పనిచేయనప్పుడు అధికారికమైన లేఖ పంపాలి. అది ఈ తీరుగా ఉండవచ్చు:

"మన ఒప్పందం ప్రకారం మొదటి అంతస్తు గోడల పని ఫలానా తేదీకి పూర్తికావలసి ఉంది. నేటికి తూర్పు, దక్షిణ గోడలు మాత్రమే పూర్తయ్యాయి. గత రెండు వారాలుగా సైటులో పనివారు లేరు, ఫొటోలు జతచేస్తున్నాను. ఇప్పటివరకు జరిగిన పనికి చెల్లించవలసిన మొత్తమంతా మీకు చెల్లించాను. ఈ లేఖ అందిన నాటినుంచి ఒప్పందంలో చెప్పిన నోటీసు గడువులోగా తగినంత మంది పనివారితో పని తిరిగి ప్రారంభించి, మిగిలిన గోడలు పూర్తిచేసే తేదీని రాతపూర్వకంగా తెలియజేయవలసిందిగా కోరుతున్నాను. అలా జరగని పక్షంలో రద్దు నిబంధన కింద నాకున్న హక్కులను వినియోగించుకుంటాను."

ఇందులో ఆరోపణలు లేవు, వాస్తవాలే ఉన్నాయి, గడువుంది, గడువు దాటితే ఏమవుతుందో ఉంది. అందినట్టు రుజువు ఉండే మార్గంలోనే పంపండి, ఒప్పందంలో నోటీసు ఏ చిరునామాకు, ఏ రూపంలో పంపాలని ఉందో దాని ప్రకారమే పంపండి. లేఖ అందగానే చాలామంది బిల్డర్లు నాలుగు రోజులు మనుషులను పంపి, మళ్లీ ఆపేస్తారు. అందుకే పని మొదలుపెట్టడానికే కాక, పూర్తిచేయడానికి కూడా తేదీ అడగాలి.

ఏడో మెట్టు: తప్పించవలసి వస్తే తప్పించడం

గడువు దాటిపోయింది, నాణ్యతలో నిర్మాణ బలానికే ముప్పు తెచ్చే లోపాలు బయటపడ్డాయి, లేదా బిల్డర్ పూర్తిగా కనబడకుండా పోయాడు. ఈ స్థితిలో రద్దు నోటీసును న్యాయవాది చేత రాయించడమే మంచిది. చట్టాలు, గడువులు, ఫిర్యాదు చేసే వేదికలు ఒక్కో చోట ఒక్కో రకంగా ఉంటాయి కనుక ఈ ఒక్క విషయంలో సొంత తెలివి చాలదు. ఒక మాట మాత్రం ఎక్కడైనా వర్తిస్తుంది: వీలైనంతవరకు ఇద్దరూ ఒప్పుకుని విడిపోవడం చవక. లెక్క చూసుకుని, ఎవరికి ఎంత రావాలో రాసుకుని, ఇకపై ఒకరి మీద ఒకరికి హక్కులు లేవని సంతకాలు చేసే పరిష్కారంలో మీకు కొంత సొమ్ము పోయినా, ఏళ్ల తరబడి ఇల్లు అసంపూర్తిగా నిలిచిపోవడం కన్నా అది నయం. అయితే అప్పటికి బయటపడని లోపాలపై హక్కును మాత్రం వదులుకున్నట్టు రాసి ఇవ్వకండి.

రద్దు అమలులోకి వచ్చిన రోజున సైటులో ఉన్న ప్రతి వస్తువునూ సాక్షుల సమక్షంలో జాబితా రాయండి, వీడియో తీయండి. మీరు కొన్న సరుకు ఏది, బిల్డర్ యంత్రాలు, సెంట్రింగ్ సామాను ఏవి అని వేరు చేయండి. అతడి సామాను బలవంతంగా ఆపుకోవడం వల్ల మీపైనే కేసు రావచ్చు, గడువిచ్చి తీసుకెళ్లమనండి. కరెంటు, నీటి కనెక్షన్లు ఎవరి పేరున ఉన్నాయో, నిర్మాణ అనుమతి పత్రాలు, డ్రాయింగుల మూలప్రతులు, పరీక్షా నివేదికలు, సామగ్రి గ్యారంటీ కాగితాలు ఎవరి దగ్గర ఉన్నాయో చూసి తీసుకోండి. బీమా బిల్డర్ పేరున ఉంటే అది ఆ రోజుతో ముగిసిపోవచ్చు, వెంటనే మీ పేరున మార్చుకోండి.

ఆగిన నిర్మాణం తనంత తానుగా పాడవుతూ ఉంటుంది. పైకి లేచి ఉన్న పిల్లర్ల ఊచలకు తుప్పు పట్టకుండా సిమెంటు పాలు పూయించండి లేదా కప్పించండి. మెట్ల సందులకు, స్లాబు అంచులకు అడ్డుకట్టలు కట్టించండి, పిల్లలు ఆడుకోవడానికి వస్తారు. పునాది గోతుల్లో నీళ్లు నిలవకుండా దారి చేయించండి. మూడు నెలలు దాటి నిల్వ ఉన్న సిమెంటు బలం తగ్గిపోతుంది కాబట్టి దాన్ని తరువాత స్లాబుకు వాడనివ్వకండి.

ఎనిమిదో మెట్టు: కొత్తవారికి పని అప్పగించడం

కొత్త కాంట్రాక్టర్ పాత పనికి బాధ్యత తీసుకోడు, తీసుకుంటానని తేలిగ్గా అనేవాడిని నమ్మకండి. ముందుగా పాత నిర్మాణం స్థితిపై ఇంజనీరు నివేదిక తీసుకోండి. కాంక్రీటు బలంపై అనుమానముంటే రీబౌండ్ హామర్, అల్ట్రాసోనిక్ పరీక్షలు, ఊచలపై కప్పు ఎంత ఉందో కొలిచే కవర్ మీటరు వంటివి పగలగొట్టకుండానే కొంత సమాచారమిస్తాయి. గట్టి నిర్ధారణ కావాలంటే కాంక్రీటు నుంచి సిలిండరు ముక్కలు తీసి పరీక్షించాలి. ఎక్కడ బలపరచాలి, ఎక్కడ కూల్చి కట్టాలి, ఎక్కడ అలాగే ఉంచవచ్చు అన్నది ఆ నివేదికలో ఉంటే, ఇద్దరు కాంట్రాక్టర్ల బాధ్యత ఎక్కడ విడిపోతుందో కూడా తేలుతుంది.

మిగిలిన పనిని చదరపు అడుగు లెక్కన ఇవ్వకండి. సగంలో ఉన్న ఇంటికి ఆ లెక్క కుదరదు. పనివారీగా, కొలత ప్రకారం ధర ఒప్పుకోండి, సామగ్రి మీరే కొనిపెట్టగలిగితే కూలీ ధరకే ఇవ్వండి. కొత్తవాడు ఇప్పుడు చేస్తున్న పనిని కాక, రెండు మూడేళ్ల క్రితం పూర్తిచేసిన ఇంటిని చూసి, ఆ యజమానులతో విడిగా మాట్లాడండి. తాళాలు చేతికొచ్చాక పిలిస్తే వచ్చాడా, చివరి బిల్లులో ఎంత పెంచాడు అన్న రెండు ప్రశ్నలు చాలు.

పూర్తయ్యాక ఇంజనీరుతో గదిగదికీ తిరిగి లోపాల జాబితా రాయించి, ఒక్కొక్కదానికి తేదీ పెట్టించండి. రిటెన్షన్‌లో సగం ఆ జాబితా పూర్తయినప్పుడు ఇచ్చి, మిగిలిన సగాన్ని లోపాల బాధ్యత కాలం, అంటే బయటపడిన లోపాలను కాంట్రాక్టర్ సరిచేయవలసిన గడువు, ముగిసేదాకా ఉంచుకోండి. ఆ కాలాన్ని సాధారణంగా 6 నుంచి 12 నెలలుగా రాస్తారు గాని, కనీసం ఒక పూర్తి వర్షాకాలం అందులో పడేలా చూడండి. గడువు ముగియడానికి నెల ముందు డాబా, స్నానాల గదుల కింది స్లాబులు, కిటికీ సజ్జాలు, గోడల మూలలు మరోసారి చూపించి, కనిపించిన చెమ్మనూ పగుళ్లనూ రాతపూర్వకంగా కాంట్రాక్టర్‌కు తెలియజేయండి. అవి సరిచేసినట్టు ఇంజనీరు సంతకం పెట్టిన తరువాతే చివరి చెల్లింపు చేయండి.